ఎరుపు మొదలయ్యే చోటు

కాలేజీలో నేను చెప్పిన పాఠాల్లో పిల్లలందరికీ నచ్చింది పట్టకం పాఠమే. తెల్లని వెలుగు గాజులోంచి వెళ్తూ వంగుతుంది. ఎరుపు అన్నిటికంటే తక్కువ వంగుతుంది, ఊదా అన్నిటికంటే ఎక్కువ. అందుకే కలిసి వెళ్ళిన రంగులు విడిపోయి బయటికొస్తాయి. బాబు పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. మా ఆయన బదిలీ మీద యానాం నుంచి పుదుచ్చేరి వచ్చినప్పుడు, పట్టకం మాత్రం బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్నాను.

ఈ మధ్య బళ్ళో బాబు ఆకులకు గోధుమరంగు వేశాడు. టీచరు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం పొద్దున, తూర్పున కురుచికుప్పం వైపున్న కిటికీ సందులోంచి ఎండ పడుతుంటే పట్టకం అడ్డం పెట్టాను. గోడమీద రంగుల పట్టీ పరుచుకుంది.

"పొద్దున్నే పిల్లాడితో ఈ గాజుముక్క ఆటలేంటమ్మా?" అన్నారు అత్తగారు.

"ఉద్యోగం లేదుగా అమ్మా, ఇక వీడొక్కడే తన క్లాసు," అన్నాడు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

"ఎర్రరంగు ఎక్కడ మొదలైందో అక్కడ వేలు పెట్టు నాన్నా," అన్నాను.

వాడు నారింజరంగు మీద పెట్టాడు.

"దానికి ఇవతల?"

"అక్కడేం లేదమ్మా. చీకటి."

నా కళ్ళకి అక్కడ ఎరుపు మండుతోంది.

డాక్టరు కూడా అదే తేల్చాడు. వాడి కంటికి ఎరుపు అందదు, మందు లేదు, తల్లి నుంచి కొడుక్కి వస్తుంది, ఆ తల్లికి తన తండ్రి నుంచి వచ్చి ఉంటుంది.

"మా వైపు ఎవ్వరికీ లేదు ఇలాంటిది. మీ నాన్నగారికి ఉందని ముందే చెబితే పోయేదిగా," అన్నారు అత్తగారు. మా ఆయన ఆవిణ్ణి ఆపలేదు.

పండిన టమాటాలు ఏరమంటే మా నాన్న అమ్మనే పిలిచేవాడు. బద్ధకమని ఎగతాళి చేసేవాళ్ళం. నాన్నకు కనబడదని నాకేం తెలుసు? ఆ మాట అత్తగారితో అన్నా వినిపించుకోరు. నేను చదివిన చదువు కూడా ఆవిడకే వత్తాసు పలుకుతోంది.

అప్పట్నుంచీ రోడ్డు దాటుతుంటే వాడి చెయ్యి వదలడం లేదు. సిగ్నల్లో ఏ దీపం వెలిగిందని పదిసార్లు అడుగుతున్నాను. వాడు జవాబు చెప్పే ముందు నా మొహం చూస్తున్నాడు.

ఈ రోజు పొద్దున వాడే పట్టకం తెచ్చాడు. "అమ్మా, ఆ ఆట మళ్ళీ ఆడదాం." గోడమీద రంగులు పడగానే వేలు జరుపుకుంటూ పోయాడు. నారింజ దాటాడు, ఎరుపు దాటాడు. ఏ రంగూ లేని ఒట్టి సున్నం మీద వేలు పెట్టి నావైపు తిరిగాడు.

"ఇక్కడేగా అమ్మా?"

అవునన్నాను. వాళ్ళ నాన్నకి చెప్పడానికి గెంతుకుంటూ పరుగెత్తాడు.