ఇంటికి ఇద్దరు చొప్పున

మొన్న కొత్తపేట బస్టాండులో పక్కన కూర్చున్న పెద్దాయన చేతుల నుంచి కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వాసన వచ్చింది. అది మా నాన్న వేళ్ల వాసన.

కుర్రతనంలో వాలీబాల్ జట్టుకి ఆయనే లిఫ్టర్, అంటే బంతిని పైకి లేపి కొట్టేవాడికి అందించే మనిషి; వేళ్లు రెండుసార్లు విరిగి ఆ నూనె పట్టించడం మొదలయ్యాక మా ఊరి కాలేజీలో ఏడాదికోసారి పొడిగించే కోచ్ ఉద్యోగంలో చేరి, బల్ల మీద కూర్చుని, తన లిఫ్టర్‌కి మోకాలి మీద వేళ్లతోనే సైగ చేసేవారు. ఒక వేలంటే నెట్ మధ్యలో పొట్టి బంతి, రెండు వేళ్లంటే ఎడమ చివరికి ఎత్తు బంతి, పిడికిలంటే వెనక్కి. ఇంట్లోనూ అదే భాష: ఒక వేలు అన్నం, రెండు వేళ్లు చారు, పిడికిలి చాలు. "నోరు విప్పితే ముత్యాలు రాల్తాయేంటండీ?" అని అమ్మ దెప్పేది.

నాకు పదేళ్లప్పుడు, ఈసారి కప్పు రాకపోతే వేరే కోచ్‌ని చూసుకుంటామని ప్రిన్సిపాల్ గారు తేల్చేశారు. ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టుకుని తిరిగాం. ఆడటానికొచ్చిన జట్టుకి ఊళ్లో ఇంటికి ఇద్దరు చొప్పున భోజనం పెట్టడం అప్పటి ఆనవాయితీ. ఫైనల్‌కి ముందురోజు, కోతలైన చేల మీంచి ఎండుగడ్డి వాసన వస్తుండగా, మా మీద ఆడాల్సిన రామచంద్రపురం జట్టు కుర్రాళ్లిద్దరు మా ఇంటికొచ్చారు. కంద బచ్చలి కూర, కొబ్బరి పచ్చడి, మజ్జిగ పులుసు. నాన్న గ్రౌండులో, అమ్మ పొయ్యి దగ్గర, వడ్డన నాది. గొప్పలు పోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు కదా, "అన్నం కావాలంటే ఒక వేలు చూపించాలండి, మా ఇంట్లో అంతే" అని మొదలుపెట్టి, గ్రౌండులో ఏ వేలికి ఏ బంతో కూడా చెప్పేశాను.

మర్నాడు చివరి సెట్‌లో, మా ఇంట్లో అన్నం తిన్న పొడుగు కుర్రాడు నాన్న మోకాలి మీద రెండు వేళ్లు చూసి, బంతి లేవకముందే మా ఎడమ చివరికి జరిగాడు. అడ్డుకున్నాడు. మళ్లీ చూశాడు. మళ్లీ అడ్డుకున్నాడు.

నాన్న ఆట ఆపించి లిఫ్టర్ దానియేలుని పిలిచారు. వాళ్ల అక్కని ఇచ్చింది రామచంద్రపురమే.

"మీ అక్కని చూడ్డానికెళ్లి చెప్పేసేవా?"

"లేదండి మేస్టారూ. మీ మీదొట్టండి."

నాన్న అతన్ని ఆటలోంచి తప్పించి బల్ల చూపించారు. దానియేలు కూర్చుని తల వంచుకున్నాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. అంత పిరికిదాన్ని. మేం ఓడిపోయాం.

ఆ సాయంత్రం కంచం ముందు నాన్న ఒక వేలు చూపించగానే నాకు ఏడుపు తన్నుకొచ్చి అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. తినకుండానే చెయ్యి కడుక్కుని, నన్ను సైకిలెక్కించుకుని, కాలవ గట్టున దానియేలు ఇంటికి తీసుకెళ్లారు. తలుపు వేసి ఉంది. "లోపలే ఉన్నాడండి, రానంటున్నాడండి" అంది వాళ్లమ్మ.

"తప్పు మాదిరా దానియేలూ. మా పిల్ల చెప్పేసింది. రేపు గ్రౌండుకి రా" అని నాన్న తలుపుతోనే చెప్పారు. తలుపు తెరుచుకోలేదు. దానియేలు మళ్లీ గ్రౌండుకి రాలేదు. వేసవిలో నాన్న ఉద్యోగమూ పోయింది.

ఇప్పుడా గ్రౌండులో కాలేజీ బస్సులు పెడుతున్నారు. వచ్చే జట్లు హోటల్లో తింటున్నాయి. ఇంటికి ఇద్దర్ని పంపమని అడిగేవాళ్లూ లేరు. నాన్న పోయినప్పుడు దానియేలు వచ్చాడు, జుట్టు నెరిసింది. ఆ సైగలు బయటపెట్టింది నేనేనని దగ్గరికి వెళ్లి నా నోటితో చెప్పుకున్నాను.

"తెలుసమ్మా. ఆ రోజు తలుపెనకాలే ఉన్నాను. అంతా విన్నాను."

"మరి గ్రౌండుకి ఎందుకు రాలేదండి?"

"నువ్వు చెప్పేక నమ్మేరమ్మా. నేను ఒట్టేసినప్పుడు నమ్మలేదు గదా."