పసివాడు మునిగేంత లోతు

ఒక మంచి మనిషి మీద నేను వేసిన నింద ఇన్నేళ్ళూ నా గుండెల మీదే కూర్చుని ఉంది. ఆయన పోయారు. అది పోలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది ఒంగోలు బాప్టిస్టుల ఇల్లు. మా ఆవిడది గుంటూరు లూథరన్ల ఇల్లు. బయటివాళ్ళకు ఇదేమంత తేడా కాదు. మాకు కొట్టుకు చచ్చేంత తేడా. వాళ్ళు పసిబిడ్డ నెత్తిన నీళ్ళు చిలకరించి బాప్తిస్మం అంటారు. పెరిగి, నమ్మి, నీళ్ళలో నిండా మునిగితేనే బాప్తిస్మం అని మా పట్టు. నా బడి చదువు మధ్యలోనే ఆగింది. తర్వాత చదివిందంతా సొంతంగా చదివిందే. నేను పనిచేసే షిప్‌యార్డులో అన్నం తినే వేళ కూడా నాకు ఈ వాదనే. ఎవణ్ణీ గెలవనిచ్చేవాణ్ణి కాదు.

సింగపూరు వచ్చిన కొత్తలో మాకు కొడుకు పుట్టాడు, నెలలు నిండకుండానే. బతకడని డాక్టరు చెప్పేశాడు. మా తెలుగు కూటానికి పాస్టరు హౌగాంగ్ పేటలో ఉండేవారు, లూథరనే. అయ్యగారికి ఫోను చేసి రమ్మనండి, వీడికి బాప్తిస్మం ఇప్పిద్దాం అని మా ఆవిడ మంచం మీంచే బతిమాలింది. ఆసుపత్రి మెట్ల దగ్గర ఫోను ఉంది. దాని ముందు నిలబడ్డాను. ఎత్తలేదు. నా కొడుక్కి చిలకరింపా, అనుకున్నాను. కాసేపు అక్కడే ఉండి పైకి వెళ్ళాను.

“వస్తున్నారా అయ్యగారు?”

“రానన్నాడు.”

“ఎందుకంట?”

“బాప్టిస్టు బిడ్డ కదా, వాళ్ళ నాన్ననే ముంచుకోమన్నాడు.”

రానన్నాడు అని ఊరుకున్నా సరిపోయేది. ఆ ఎగతాళి ఎందుకు కల్పించాను? ఆయన్ను ‘అన్నారు’ అని కూడా అనలేదే! ఆమె నమ్మాలని అన్నానా, ఆమె ఆ లూథరన్లందరినీ అసహ్యించుకోవాలని అన్నానా? రెండోదే అయి ఉంటుంది.

సాయంత్రానికి వాడు పోయాడు.

సంగతి తెలిసి అయ్యగారు పరామర్శకు వచ్చారు. మా ఆవిడ ఆయన మొహం మీదే తలుపు వేసేసింది. నేను లోపలే ఉన్నాను. ఆయన బయట నిలబడి, గొంతు తగ్గించి మా కోసం ప్రార్థన చేయడం వింటూనే ఉన్నాను. లేచి తలుపు తీయలేదు. ఆ తర్వాత ఆమె ఆ కూటంలో అడుగు పెట్టలేదు.

రెండేళ్ళ కిందట మనవరాలు, వాడి తర్వాత పుట్టిన మా అమ్మాయి కూతురు, మమ్మల్ని ఇంగ్లండు చూపించడానికి తీసుకెళ్ళింది. ఒక పల్లెలో పాత చర్చి దగ్గర బస్సు ఆగింది. మోకాళ్ళ నొప్పులని మా ఆవిడ దిగలేదు. లోపల తలుపు పక్కనే రాతి తొట్టి. వందల ఏళ్ళనాటిది, చుట్టూ ముక్కులు అరిగిపోయిన ముఖాలు. చిలకరించే తొట్టి కదా అని వెటకారంగా చెయ్యి పెట్టాను. మోచెయ్యి దాకా దిగింది. పూలు సర్దుతున్న ముసలావిడ నవ్వి, ఆ రోజుల్లో పసిబిడ్డల్ని ఇందులో నిండా ముంచేవారండీ, చిలకరించడం తర్వాత వచ్చింది అని చెప్పింది. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ సంగతే తెలియదు.

“తాతా, కమ్ లా! ఉత్త రాతి తొట్టి లా, బస్సు వెళ్ళిపోద్ది!” అని మనవరాలు తన సింగపూరు యాసలో కేకేసింది.

నేను తొట్టిలోంచి చెయ్యి తీయలేదు. నా వాదన ఓడిపోయిందని కాదు. అది గెలిచినా నేను చేసింది చేసిందే కదా? ప్రాణం పోతున్న బిడ్డ తల్లి అడిగిన ఒక్క కోరికకు అడ్డం నిలబడి, దానికి దేవుడి పేరు పెట్టుకున్నాను. బస్సెక్కాక ఏముంది లోపల అని మా ఆవిడ అడిగింది. ఏమీ లేదన్నాను. మళ్ళీ అబద్ధం.

పోయిన నెల అయ్యగారు పోయారు. సింగపూరులో, యూ టీ పేటలోని మా ఫ్లాట్‌కు కబురు వచ్చింది. నా బిడ్డ కోసం రాని మనిషి కోసం నేనెందుకు వెళ్ళాలి అంది మా ఆవిడ. అప్పుడు నోరు తెరిచాను.

“నేను ఆయన్ను పిలవనే లేదు.”

ఆమె నా వైపు చూడలేదు. గోడ వైపు తిరిగే అడిగింది.

“మరి ఆయన మొహాన తలుపెందుకు వేశానో ఆయనకెవరు చెప్తారు?”

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడటం లేదు. ప్రభువు క్షమిస్తాడులే అని మీరు నాకు చెప్పకండి, నాకు ఒళ్ళు మండుతుంది. క్షమించాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు. ఇంకొకరు పక్క గదిలో తలుపు వేసుకుని ఉన్నారు. అయినా, పిలవలేదు అన్న ఆ మాట బయటపడ్డాక, ఇన్నేళ్ళలో మొదటిసారి గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను. అందుకూ సిగ్గుగానే ఉంది.