అర్జీలో నేను రాసిన వాక్యం

మా అయ్యకు గవర్మెంటు అంటే గిట్టేది కాదు. ఈ మాట చెబితే నాతో పనిచేసే టీచర్లు నవ్వేవారు. ముంచింగిపుట్టు దాటి ఒరిస్సా వైపు కొండల్లో, పాతిక గడపల ఊళ్లో చోళ్లు, అదే రాగులు, పండించుకునే మనిషికి గవర్మెంటు అంటే పడకపోవడమేమిటని. ఏమీ చెయ్యలేదని తిట్టేవాళ్లున్నారు గానీ, చేస్తానంటే వద్దనేవాణ్ణి ఎవరు చూశారు? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని మా అమ్మ కూడా అనేది. అమ్మ నవ్వుతూ అనేది, నేను మండిపడుతూ అనేదాన్ని.

అయ్య వాదన ఇది. గవర్మెంటు ఇచ్చేది దాని సొంతం కాదు, ఎవరి దగ్గరో తీసుకున్నదే. పైగా ఇచ్చినవాడు ఊరుకోడు. ఇంటికొచ్చి కూర్చుని ఇది చెయ్యి, అది చెయ్యకు అంటాడు. ఒక ఏడాది ఊరికి మేకలిచ్చారు. మైదానంలో పెరిగిన మేకలు మా చలికి ఆగలేక చచ్చిపోతే, చచ్చినట్టు రుజువుకు వాటి చెవి బిళ్లలు చూపించమని ఆఫీసువాళ్లు మూడుసార్లు తిరిగారు. అయ్య ఆ మేకలు తీసుకోలేదు. "మేక సత్తే సచ్చింది, దాని సెవి దాసుకోవాలంట. ఇదేటి బతుకు?" అని సంతలో నలుగురినీ నవ్వించేవాడు. పొలం దడికి వెదురు కొట్టుకోవాలన్నా ఫారెస్టు గార్డు దగ్గర చీటీ తెచ్చుకోవాలన్న రోజున మాత్రం నవ్వలేదు.

నేను ఆయనకు ఎదురు. గవర్మెంటు హాస్టల్లో తిని, గవర్మెంటు పుస్తకాలు చదివి, తొంభైల మధ్యలో ఆశ్రమ పాఠశాలలో టీచరునయ్యాను. "నాకు సదువెవరిచ్చారయ్యా?" అని నిలదీస్తే, "సదివింది నువ్వు. ఆళ్లు కూడెట్టారు" అనేవాడు. కూడు పెట్టడం చిన్న సంగతా అని నాకు ఒళ్లు మండేది. ఆ ఒక్క విషయంలో న్యాయం నా వైపే ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

మా ఊళ్లో వైద్యమంటే మందులమ్మ. ఆమె మా ఊరి ఆడపడుచే. చిన్నతనంలో సాలూరు వైపు వెళ్లి, ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరి, నర్సుల వెనక తిరిగి తిరిగి పని నేర్చుకుంది. భర్త పోయాక, వయసు మళ్లాక తిరిగొచ్చింది. చర్చి పక్క గదిలో ఉండేది. మంచం కింద ఒక రేకు పెట్టె. జ్వరానికి మాత్ర, ముదిరితే సూది, పురుడొస్తే వేణ్నీళ్లు, కత్తెర, దారం. చదువు లేదు. సర్టిఫికెట్ అంతకన్నా లేదు.

ఆమెను పోషించింది ఊరి ఆడవాళ్ల పిడికిలి. తిరగలి ముందు కూర్చున్నప్పుడల్లా, విసరబోయే చోళ్లలోంచి ఒక పిడికెడు తీసి తలుపు వెనక కుండలో వెయ్యాలి. చర్చికి వచ్చేవాళ్లు మాత్రమే కాదు, కొండదేవతకు కోడిని కోసే ఇళ్లవాళ్లూ వేసేవారు. ఆదివారం ఆ చోళ్లన్నీ ఒక బుట్టలోకి చేరేవి. కొన్ని మందులమ్మ తిండికి, మిగిలినవి సంతలో అమ్మి మందులకు. ఎవరు ఎంత వేశారని ఎవరూ అడిగేవారు కాదు. మా ఇంట్లో మాత్రం అమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఇంట్లో ఎవరి చెయ్యి పెద్దదో ఆ చేత్తోనే తియ్యాలి. అందుకని అయ్య ఇంట్లో ఉంటే, చేస్తున్న పని ఆపి మరీ వచ్చి ఆ పిడికెడు తీసేవాడు. "ఇది మన గవర్మెంటు" అనేవాడు. నాకది చాదస్తంగా కనిపించేది.

ఒక ఏడాది మా చిన్నాన్న కూతురికి మందులమ్మ వేసిన సూది చీము పట్టింది. పిల్ల బతికింది గానీ కాలు ఈడ్చేది. ఎనిమిదేళ్ల గుంట అలా కాలీడుస్తూ నాకు ఎదురొస్తుంటే, చదువుకున్నదాన్ని అయ్యుండి చూస్తూ ఊరుకున్నానని సిగ్గేసింది. ఆ చలికాలం అధికారులు ఊరి సభ పెడతారని తెలిసి అర్జీ రాశాను. మా ఊరికి ఆరోగ్య కేంద్రం కావాలి, నర్సు కావాలి అని. ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు వేయించాను. అయ్య వెయ్యనన్నాడు.

"అడగందే అమ్మయినా పెట్టదయ్యా" అన్నాను.

"అడుగు. ఓ మనిషిని యేత్తారు. ఆ మనిషి రాదు. రాలేదని నువ్వు మల్లీ కాయితం రాత్తావు. నీ బతుకంతా అదే పని" అన్నాడు.

ఆ కోపంలో, అర్జీ అడుగున మిగిలిన చోట, ఇంకో వాక్యం రాశాను. ఆఫీసుల్లో కాగితాలు ఎలా కదులుతాయో నాకు తెలుసు. కావాలి అంటే కదలవు, ప్రమాదం అంటే కదులుతాయి. "మా గ్రామములో ఎట్టి విద్యార్హత లేని స్త్రీ ఇంజెక్షన్లు చేయుచున్నందున ప్రజల ప్రాణములకు ముప్పు కలదు" అని రాశాను. అబద్ధం రాయలేదు. ఆ వాక్యం రాసినట్టు ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్లో, మగవాళ్లు వేటకెళ్లే ఇటుకల పండగ వెళ్లిన వారానికి, జీపొచ్చింది. నేను స్కూల్లో ఉన్నాను. వచ్చిన డాక్టరు మర్యాదస్తుడేనట. చదువు లేనివాళ్లు సూది వెయ్యడం చట్టప్రకారం నేరమని, పెద్దావిడ కాబట్టి కేసు పెట్టడం లేదని చెప్పి, ఇక సూది ముట్టనని రాసిన కాగితం మీద ఆమె వేలిముద్ర తీసుకున్నాడు. పెట్టె జీపులో పెట్టించాడు. మందులమ్మ జీపు దాకా వెళ్లి, ఏ సీసా ఏ జబ్బుకో ఆయనకు చెబుతూ నిలబడిందట. ఆయన తల వంచుకుని విన్నాడట.

ఆ శనివారం నేను ఇంటికి వెళ్లేసరికి అయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. నీ గవర్మెంటు ఇదే గుంటా" అన్నాడు. నర్సు వస్తుంది చూడమన్నాను.

నర్సు వచ్చింది. మే నెలలో పాత సామాజిక భవనానికి సున్నం వేసి, బోర్డు రాయించి, ఆ అమ్మాయిని పంపించారు. రెండుసార్లు వచ్చింది. ఎక్కడో కోస్తా పిల్ల, చంటిబిడ్డ తల్లి. బస్సు దిగి ఆరు మైళ్లు నడవాలి, మధ్యలో గెడ్డ, వానొస్తే పొంగే వాగు. మూడోసారి రాలేదు. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. పిడికిళ్లు ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. బోర్డు ఉంది కదా అని ఒక ఇంట్లో మానేశారు, వాళ్లను చూసి పక్కింట్లో మానేశారు. "ఇంకేటికి? గవర్మెంటు సూసుకుంతాది గదా" అన్నారు. మందులమ్మకు మాత్రం ఎవరో ఒకరు అంబలి పోసేవారు. ఆమె తాగి, గుమ్మంలో ఊరికే కూర్చునేది.

ఆగస్టులో వానలు పట్టుకున్నాయి. అమ్మకు జ్వరమొచ్చింది. మూడో రోజుకు మాట తడబడింది. అయ్య పరుగున మందులమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అప్పా, ఒక్క సూది. ఎక్కడైనా ఒక్కటి దాసుంచావేమో సూడు."

"ఏటీ నేదు తమ్ముడా. అంతా అట్టుకెల్లిపోనారు. ఉన్నా నాను ముట్టను. యేలేసినాను గదా" అని ఏడ్చిందట. అలా ఏడుస్తూనే వచ్చి అమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చుంది.

నలుగురు డోలీ కట్టారు. గెడ్డ పొంగి ఉంది. నీళ్లు తగ్గేదాకా ఒడ్డున ఉండాల్సి వచ్చింది. తెల్లారి బయలుదేరినవాళ్లు రోడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. జీపు దొరికేలోపు అమ్మ పోయింది. మర్నాడు స్కూలుకు కబురొచ్చింది. పాఠం మధ్యలో ఉన్నాను. చేతికి సుద్ద అంటుకునే ఉండగా బయలుదేరాను.

అయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటాడని ఏళ్ల తరబడి ఎదురుచూశాను. ఆ తర్వాత గవర్మెంటును తిట్టడం కూడా మానేశాడు, సంతలో కబుర్లు మానేశాడు. గార్డు ఇచ్చిన చీటీ జేబులో పెట్టుకుని వెదురుకు వెళ్లేవాడు. మా ఇద్దరి మధ్య ఇరవై ఏళ్లు నడిచిన తగువు అలా ముగిసిపోయింది. ఆ తగువులో గెలవాలని నేను ఎంత తపించానో తల్చుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది.

చాలా ఏళ్లకు, రెండు వేల ఐదులోనో ఆరులోనో, కాఫీ పళ్లు కోస్తున్నాం. ఇద్దరమే ఉన్నాం. ఇక మొయ్యలేక చెప్పేశాను. అర్జీ అడుగున ఫలానా వాక్యం రాసింది నేనే, పెట్టె పోయింది నా వల్లనే అని.

అయ్య కొయ్యడం ఆపలేదు. "తెల్సు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆ దొర నీ అర్జీ కాయితం సదివే కదా అప్ప సేత యేలేయించింది. అడుగున నీ పేరుంది. పేరూ సదివాడు."

ఆయనే ఇంకో కొమ్మ వంచుకుంటూ అన్నాడు.

"మీ అమ్మా అక్కడే ఉంది. విన్నాది. గుంట మన మంచికే రాసింది, దాంతో అనకు, బెంగెట్టుకుంతాది అంది. నాను మాటిచ్చాను."

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అమ్మ ఆ సంగతి తెలిసే బతికింది. ఆ నాలుగు నెలల్లో నేను ఐదుసార్లు ఇంటికి వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ అమ్మ నా తల దువ్వేది. నేను ఆమె ముందు కూర్చుని, కేంద్రానికి సొంత భవనం ఎప్పుడు కడతారో, నర్సు మళ్లీ ఎప్పుడు వస్తుందో, మందులమ్మ చేసింది ఎంత తప్పో, గవర్మెంటు పద్ధతి ఎంత మంచిదో చిన్నపిల్లకు చెప్పినట్టు వివరించేదాన్ని. అమ్మ ఊఁ కొడుతూ వినేది.