కొండనాలుక ఎత్తే మద్దమ్మ

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో పుట్టి మద్దమ్మ బొటనవేలు కొరకని మనిషి లేడంటే అది పెద్ద అబద్ధమేమీ కాదు. పిల్లకు దగ్గు పట్టుకుని నాలుగు రోజులైనా వదలకపోతే తల్లి దాన్ని చంకనేసుకుని పొద్దున్నే ఆమె గడప దగ్గర నిలబడుతుంది. "కొండనాలుక జారినట్టుండాది, రవ్వంత ఎత్తు పెద్దమ్మా" అంటుంది. మద్దమ్మ ఉప్పూ మిరియాల పొడీ బొటనవేలికి అద్దుకుని, పిల్లకు ఏడ్చే వ్యవధి కూడా ఇవ్వకుండా నోట్లోకి పోనిచ్చి, అంగిట్లో వేలాడే ఆ చిన్న కండను పైకి ఒక్క నొక్కు నొక్కుతుంది. తర్వాత నడినెత్తి మీద జుట్టు పట్టుకుని టక్కున లాగుతుంది. పిల్ల కక్కుతుంది, తిడుతుంది, సాయంత్రానికి వీధిలో ఆడుకుంటుంది. ఆ దగ్గు దానంతటదే పోయేదేమో కదా అని అడిగే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు.

ఈ విద్య ఆమెకు అత్త నేర్పిపోయింది. దీనికి మద్దమ్మ పైసా పుచ్చుకోదు. మర్యాద మాత్రం వడ్డీతో సహా పుచ్చుకుంటుంది. ముందు డాక్టరు దగ్గరికి పోయి, తగ్గక తన దగ్గరికి వచ్చిన వాళ్లను వాకిట్లోనే నిలబెట్టి కడిగేస్తుంది. పాపం, మంచిదే. కానీ తన చేతిని ఎవరైనా శంకిస్తే మాత్రం మనిషి కాదు.

ఆమె మొగుడు సిద్ధప్పది వేరే దారి. బీడీ ముట్టించి గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుంటే కాళ్లకూ చేతులకూ ఎంత పనో నోటికీ అంతే పని. వీధిలో పోయేవాణ్ని పేరు పెట్టి పిలిచి, రెండు మాటలని, నాలుగు మాటలు పడి, మగ్గం చప్పుడు మీదుగా నవ్వేవాడు. ఆ నవ్వు మూడిళ్ల అవతలికి వినిపించేది. అలాంటివాడి గొంతు పుష్య పున్నమికి జరిగే నీలకంఠేశ్వరుని జాతరలో బొంగురుపోయింది. జాతర కదా, అరిచి ఉంటాడనుకున్నారు. జాతర అయిపోయింది, అంగళ్లు ఎత్తేశారు, గొంతు మాత్రం తిరిగి రాలేదు.

"యేముండాది, కొండనాలుక జారింది" అని మద్దమ్మ తేల్చేసింది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి నోరు మూయించే అవకాశం ఇప్పటికి దొరికిందని వీధి నవ్వుకుంది. ఆమె నొక్కింది. సిద్ధప్ప కళ్లనీళ్లు తుడుచుకుని "నిమ్మళమాయె" అన్నాడు. నాలుగు రోజులకు మళ్లీ నొక్కింది. మళ్లీ నిమ్మళమాయె అన్నాడు.

తర్వాత అన్నం దగ్గర పొలమారడం మొదలైంది. మొదట్లో మద్దమ్మ అతని నెత్తిన తడుతూ "ఎవరో తలుసుకుంటాండార్లే" అని ఆటపట్టించేది. పూటపూటకూ పొలమారుతుంటే ఆ మాట అనడం మానేసింది. మనిషిని అంత పట్టుదలగా తలుచుకునేవాళ్లు ఎవరుంటారని ఆమెకు లోపల భయం పుట్టింది. జొన్నరొట్టె పోయి చారులో నానేసిన రొట్టె వచ్చింది, అదీ పోయి గంజి వచ్చింది. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె కంటిలోంచి పోగును నోటితో పీల్చబోతే దగ్గు తెర ఆగేది కాదు. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు.

గమనించింది కోడలు పద్మ ఒక్కతే. "అత్తా, మామ మింగేటప్పుడు గోడ దిక్కు తిరుగుతాండాడు, సూసినావా? ఒకసారి ఆదోని ఆస్పత్రికి పిల్సకపోదాం" అంది. మద్దమ్మ ఆమెను ఉతికి ఆరేసింది. తన చేయి అంత కానిదైపోయిందా, వీధి వీధంతా పిచ్చిదా అంది. పద్మ చంటిపిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది. ఆమె పోయినా ఆ మాట మద్దమ్మకు చేపముల్లులా గుచ్చుకునే ఉంది.

ఉగాది ముందు ఒక మధ్యాహ్నం గంజి తాగుతూ సిద్ధప్ప ఊపిరి అందక మగ్గం గుంట పక్కన పడిపోయాడు. కళ్లు వెలికి వచ్చాయి, పెదాలు నల్లబడ్డాయి. నోరు తెరిచి ఉంది కానీ దానిలోంచి ఏ చప్పుడూ రావడం లేదు. మద్దమ్మ బొటనవేలు పైకి లేచింది. ఎక్కడ పెట్టాలో దానికి తెలియలేదు. పద్మ వచ్చి వీపు మీద గుద్ది గుద్ది గంజి కక్కించింది. మరుసటి రోజు పొద్దున మొగుడూ పెళ్లాలిద్దరూ ఆదోని బస్సెక్కారు. కొడుకు పనికి వలస పోయి ఉన్నాడు, ఇంట్లో చంటిపిల్ల ఉంది కాబట్టి పద్మ ఆగిపోయింది.

గొంతు డాక్టరు కృష్ణకుమారి గదికి తలుపు లేదు, పచ్చ తెర ఒకటి ఉంది. తెర అవతల బెంచీ మీద జనం. వాళ్లలో తమ వీధి జ్యోతి కూడా కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ పిల్లాడికి కిందటి నెలే మద్దమ్మ కొండనాలుక ఎత్తింది.

"గొంతు ఎన్నాళ్లుగా ఇలా ఉంది పెద్దాయనా?"

మద్దమ్మ నోరు తెరిచేలోపే సిద్ధప్ప చెప్పేశాడు. "పది దినాలు మేడం."

"ముద్ద దిగుతోందా?"

"బాగ దిగుతాది."

మద్దమ్మ అతని వైపు చూసింది. అతను తెర వైపు చూస్తున్నాడు.

బల్ల మీద మెడను నిలువుగా కోసినట్టున్న ప్లాస్టిక్ బొమ్మ ఉంది. డాక్టరమ్మ పెన్నుతో చూపించింది. వెనక అన్నం పోయే గొట్టం, ముందు గాలి పోయే గొట్టం. ముద్ద మింగినప్పుడల్లా గాలి గొట్టం మీద ఒక మూత వాలుతుంది. దాని కింద మాటల పెట్టె, అందులో రెండు తీగలు. అవి దగ్గరికొచ్చి వణికితేనే గొంతు పలుకుతుంది. మద్దమ్మ ఆ బొమ్మలో కొండనాలుక కోసం వెతుక్కుంది. అది ఎక్కడో పైన, నోటి చివర వేలాడుతోంది. ఆ పెట్టె ఎంతో లోతున, ఏ వేలూ చేరని చోట ఉంది. తను ఇన్నాళ్లూ ఒత్తింది ఒక చోట, అతనికి జబ్బు ఇంకో చోట.

"పది రోజులే అంటే వాపు కావచ్చు. మందులు రాస్తాను, బీడీ మానేయండి. మూడు వారాలు దాటి ఇట్లే ఉంటే మాత్రం లోపల చూడాల్సిందే."

"దాటింటే ఏమౌతాది తల్లీ?" అంది మద్దమ్మ.

"కొందరికి గడ్డ ఉంటుందమ్మా. మొదట్లోనే దొరికితే కరెంటు పెట్టి, అదే రేడియేషన్ ఇచ్చి, గొంతు నిలబెట్టొచ్చు. ముదిరితే ఆ పెట్టె మొత్తం తీసేయాలి. మనిషి మిగులుతాడు, మాట మిగలదు. ఇంకా ముదిరితే..." డాక్టరమ్మ ఆగి చిన్నగా నవ్వింది. "మీకు పది రోజులే కదా, అంత భయమెందుకు?"

బయటికి వచ్చాక, మందుల షాపు నీడలో మద్దమ్మ అతని చొక్కా పట్టుకుంది. "యాలప్పా అంత అబద్ధం సెప్తివి?"

సిద్ధప్ప గొంతు గాలిలా వచ్చింది. "జ్యోతి ఆడనే కూకోనుండాది. నువ్వెత్తినా తగ్గల్యాదని నేనే సెప్తే, రేపు నిన్ను వీధిలో తలెత్తనిస్తారా?"

"నిమ్మళమాయె అంటివి కద. ఎత్తినప్పుడంతా అంటివి."

అతను చేతిలోని మందుల చీటీని మడత మీద మడత పెట్టాడు.

"ఒక్క దినమన్నా తగ్గినాదా? నా మీద ఒట్టు, నిజం సెప్పు."

"ల్యాదు" అన్నాడు. తప్పు చేసినవాడిలా తల దించుకుని, "నువ్వు అంత ఆశగా నా మొగం సూస్తాంటివి" అన్నాడు.

మద్దమ్మకు నడిరోడ్డులో ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. అతని మీద కోపం వచ్చింది. తన మీద అంతకంటే ఎక్కువ అసహ్యం వేసింది. ఏడవడానికి తీరిక లేదు. అతని చేయి పట్టుకుని వెనక్కి లాక్కుపోయింది. బెంచీ మీది జనాన్ని దాటి, జ్యోతిని దాటి, తెర పక్కకు తోసింది. అది మళ్లీ మూసుకోలేదు. ఆమె కూడా మూయలేదు.

"ఆయప్ప సెప్పింది అబద్ధం తల్లీ" అంది. వీధిలో తిట్టేటప్పటి గొంతే, అంత గట్టిగానే. "జాతర కాడ నుంచి ఇట్లనే ఉండాది. గంజి గూడ దిగల్యా. నిన్న సచ్చి బతికినాడు. కొండనాలుక జారిందని ఇన్నాళ్లూ నేనే ఒత్తినాను. డాక్టరు దగ్గరికి పోనీల్యా."

జ్యోతి కొడుకును దగ్గరికి లాక్కుంది. మద్దమ్మ అది చూసింది.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి లేచింది. తిట్టినా బాగుండేది. సిద్ధప్పను కూర్చోబెట్టి, ముక్కులోంచి సన్నటి తీగలాంటి గొట్టం పంపి, చిన్న టీవీ వైపు చూసింది. మద్దమ్మ కూడా చూసింది. తడిగా, ఎర్రగా ఉన్న ఆ లోపల రెండు తెల్లటి తీగలు ఉండాలి. ఒకటే కనిపించింది, అదే కదులుతోంది. రెండోదాని మీద కాలీఫ్లవర్ ముక్కలాంటిదేదో కూర్చుని ఉంది, అది కదలడం లేదు. "ఆ... అనండి" అంది డాక్టరమ్మ. సిద్ధప్ప అన్నాడు. "మళ్లీ అనండి" అంది. తర్వాత గొట్టం తీసి అతని మెడను రెండు చేతులతో తడుముతూ పోయి, దవడ కింద ఒక చోట ఆగింది. అక్కడే ఇంకోసారి నొక్కి చూసింది.

చేతులు కడుక్కోవడానికి ఆమె చాలాసేపు తీసుకుంది. తుడుచుకుంటూ ఇటు తిరక్కుండానే అడిగింది.

"మీతో ఇంకెవరైనా వచ్చారా అమ్మా? కొడుకు గానీ, తమ్ముళ్లు గానీ?"

ఆసుపత్రుల్లో ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో మద్దమ్మకు తెలుసు. అందరికీ తెలుసు. కుర్చీలో సిద్ధప్పకూ తెలుసు కాబట్టే అతను లేచి, బయటికి పోవడానికి పైపంచె సర్దుకుంటున్నాడు.

"ఎవరూ రాల్యా తల్లీ. ఆయప్ప నోట్లో యేలు పెట్టింది నేను. సెప్పేదేమున్నా నాకే సెప్పు" అంది మద్దమ్మ.

డాక్టరమ్మ పోయి తెర పూర్తిగా వేసి వచ్చి, ఆమెకు కుర్చీ చూపించింది.