మోకాలి కింది దిండు

నోరు తెరిచే ముందు భాగీరథి చీర కుచ్చిళ్లను మోకాలి మీదికి లాగి సర్దుకుంటుంది. ఎవరితో మాట్లాడినా అంతే. మోకాలు మార్పించుకున్నాక ఆ లాగడం ఎక్కువైంది.

చిద్రి ఊళ్లో ఒకే ఇంట్లో ఇద్దరు తోటికోడళ్లు. పెద్దది భాగీరథి, చిన్నది ప్రేమల. ఆపరేషన్ ముందు అయింది భాగీరథికి. వెనక చేయించుకున్న ప్రేమల ముందుకు పోయింది. మంచం అంచున కూర్చుని కాలు వెనక్కి మడిస్తే ప్రేమల మడమ మంచం కిందికి వెళ్తుంది. భాగీరథిది మంచం పట్టె దగ్గరే ఆగిపోతుంది.

కాళ్లకు కసరత్తు చేయించడానికి వచ్చే సోని "శభాష్ చిన్నమ్మా!" అన్నప్పుడల్లా భాగీరథి గోడవైపు చూసేది. తనతో సోని ఎప్పుడూ "మెల్లగ అయితదమ్మా" అనేది. ఆ మెల్లగ అన్న మాటే ఆమెకు ముల్లులా దిగేది.

అసలు బాధ పొయ్యి గురించి. చేలో పంటకు పూజ చేసి అక్కడే తినే ఎళ్లమావాస్య నాడు చిట్గుప్ప దగ్గరి చేనుకు పట్టుకెళ్లే సజ్జ రొట్టెలు, కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ భాగీరథే తట్టింది. ఈసారి ప్రేమల భర్త ఖండప్ప అందరి ముందూ అన్నాడు:

"వదినా, నువ్వు కుర్చీల కూసో. ప్రేమల చిన్న పీట మీద కూసుంటాంది గద, ఆమె తడ్తది."

ఒక బేస్తవారం, ప్రేమల స్నానానికి వెళ్లిన వేళ, సోని సంచి సర్దుకుంటూ చెప్పింది. "పండుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టొద్దమ్మా. హాయిగనే ఉంటది గని కాలు అట్లనే వంగి బిగుసుకపోతది. చిన్నమ్మకు గూడ చెప్పు."

"చెప్త."

చెప్పలేదు. ఆ సాయంత్రమే ప్రేమల అడిగింది. "అక్కా, మోకాలి కింద దిండు పెట్టుకుంటె పానం హాయిగున్నది. పెట్టుకోవచ్చునా?"

"నీకు హాయిగుంటె పెట్టుకో."

తర్వాత ప్రేమల కాలు వంగడమైతే వంగుతూనే ఉంది, చాపితే మాత్రం పూర్తిగా సాగడం లేదు. కుంటుతూ నడిచేది. ఆ కుంటు చూసిన పూట భాగీరథికి అన్నం సహించేది.

ఎళ్లమావాస్య ముందు రోజు ప్రేమల చేయి తిరగడానికి కొన్ని రొట్టెలు తట్టింది. అంచులు పగిలాయి. లేవబోయి, కాలు సాగక గోడ పట్టుకుంది.

"నవ్వకక్కా. కాలు నాది, చెయ్యి నీదైతె మస్తుంటుండె. రేపు పక్కన కూసొని చూపియ్యి."

"వంగే కాలున్నది గద నీకు. నేనెందుకు?"

"ఈ కాలా? రాత్రంత పీకుతది. నువ్వు పెట్టుకొమ్మన్న దిండు లేకపోతె పానం పొయ్యేది."

భాగీరథి పగిలిన రొట్టె ఒకటి తీసుకుని తిన్నది. రుచి బాగానే ఉంది. అది కూడా నచ్చలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఊతకర్ర పట్టుకుని ప్రేమల గదిలోకి వెళ్లింది. మోకాలి కింది దిండు లాగేసింది. ప్రేమల "అవ్వో!" అని లేచింది.

"ఇది పెట్టొద్దని సోని చెప్పింది. నీకు చెప్పుమన్నది. నేను చెప్పలే."

భాగీరథి మంచం మీద కూర్చుని, ప్రేమల మడమ ఎత్తి దిండు మీద పెట్టి, కాలు సాగేలా మోకాలి మీద అరచేయి వేసి మెల్లగా కిందికి అదిమింది. ఇట్లా వంగే మోకాలు తనకు రాలేదన్న మంట అట్లాగే ఉంది. చేయి మాత్రం తీయలేదు.