టైర్ల కింద నిమ్మకాయలు

మైలాపూరులో నేను వంట చేసిన ఇంటి అయ్యగారికి రేసుబండిలాంటి విదేశీ కారుండేది. రోజూ సొంత పైపంచెతో దాని బానెట్ తుడిచి, అందులో ముఖం చూసుకుని మీసం దువ్వేవారు. టైర్లు అరిగితే మాత్రం చవక రకం వేయించారు.

ఆ కారు నడిపేది మా ఆయనే. "ఈడ వానకి బ్రేకు పట్టదు సార్. ఈ బండి స్పీడుకి ఇవి తాళవు" అన్నాడు.

"టైర్ల మొహం ఎవుడు చూస్తాడప్పా? నాలుగు నిమ్మకాయలు తొక్కించు, దేవుడు చూసుకుంటాడు పో!"

తొక్కించాం.

మర్నాడు జడివాన. అయ్యగారు మాధవరం నుంచి తన తల్లిని తీసుకురమ్మని మా ఆయన్ను ఆ కారులోనే పంపి, తాను ఆఫీసుకి ఆటో పిలిపించుకున్నారు. ఎక్కేముందు వంగి, ఆటో టైర్లు అరిగాయేమోనని చేత్తో తడిమి చూశారు.

వాళ్లిద్దరూ క్షేమంగానే వచ్చారు. ఆ చెయ్యి గుర్తొస్తే మాత్రం నాకు ఇప్పటికీ డోకొస్తుంది.