రెండు సాళ్ల కీరదోస

ఆవిడ ఎవరి మాటా ఒక పట్టాన నమ్మదు. కిందటేడు కీరదోస తోటంతా ఆకులే తప్ప కాయ లేక దెబ్బతిన్నప్పటి నుంచి మరీను. ఎరువును గుప్పిట్లో నలిపి, వాసన చూసి, దుకాణదారు ముఖం కూడా చూస్తుంది. "యూరియా అయితేనేం, నైట్రేట్ అయితేనేం, రెండూ నత్రజనే కదమ్మా!" అని నవ్వాడతను. ఆ నవ్వు ఆవిడకు నచ్చలేదు. ఒక సాలుకు యూరియా, పక్క సాలుకు నైట్రేట్ వేసి, రోజూ ఆకులను జానతో కొలిచింది. యూరియా సాలు ఏపుగా ఎదిగింది. "చూశావా వదినా, నీకు ప్రతిదానికీ అనుమానమే," అన్నాడు మరిది. ఆవిడ వంగి ఆకులెత్తి చూపించింది. వెతికితే నాలుగు కాయలు. పక్క సాలులో తీగతీగకీ కాయలే.

"మీ అనుమానమే నిజమమ్మా, రెండూ ఒకటి కాదు," అని మర్నాడు ఆవిడ సంగతి చెప్పగానే దుకాణదారు ఒప్పేసుకున్నాడు. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడా అనుకుంటూ, ఆవిడ అతనిచ్చిన నైట్రేట్ బస్తా కుట్టు అక్కడే విప్పించింది.